నాన్న సీప్యాప్ మాస్కు రాత్రి మధ్యలో తీసేస్తున్నారు, కరెంటు పోతే మాకు భయం. వాడేవాళ్ళు కాస్త చెప్పండి

కావలి_కూతురు:

అందరికీ నమస్కారం. మాది కావలి. మా నాన్నకి 61 ఏళ్ళు, ఎరువుల కొట్టు ఉంది. గురక ఎప్పటి నుంచో ఉంది గానీ ఈ మధ్య కొట్లో కూర్చుని లెక్కలు రాస్తూనే తల వాల్చేస్తున్నారు, బీపీకి మూడు రకాల మాత్రలు వేసుకుంటున్నా దిగటం లేదు. అమ్మ చెప్పేదేమంటే, గురక పెడుతూ పెడుతూ ఉన్నట్టుండి చప్పుడు ఆగిపోతుంది, ఛాతీ ఎగురుతూ ఉంటుంది గానీ గాలి లోపలికి పోదు, కాసేపటికి ఉక్కిరిబిక్కిరై ఒక్కసారిగా గాలి పీల్చి మళ్ళీ గురక మొదలు. అది చూస్తూ అమ్మకి కూడా నిద్ర లేదు.

నెల్లూరు పొగతోటలో ఊపిరితిత్తుల డాక్టరుకి చూపించాం. ఒక రాత్రంతా వైర్లు పెట్టి నిద్ర పరీక్ష చేశారు. స్లీప్ అప్నియా, అంటే నిద్రలో గొంతు దారి మూసుకుపోయి ఊపిరి ఆగే జబ్బు అన్నారు. ఏహెచ్ఐ 42 వచ్చింది. అంటే గంటకి 42 సార్లు ఊపిరి ఆగటమో బాగా తగ్గిపోవటమో జరుగుతోందన్నమాట, 30 దాటితే తీవ్రం కిందే లెక్క అన్నారు. ఆటో సీప్యాప్, అంటే గాలి ఒత్తిడితో గొంతు దారి తెరిచి ఉంచే మెషీన్ రాసి, ప్రెషర్ 8 నుంచి 14 మధ్య సెట్ చేసి, ముక్కూ నోరూ రెండూ కప్పే పెద్ద మాస్కు ఇచ్చారు.

ఇప్పుడు ఇంట్లో మా తిప్పలు. పదింటికి పెట్టుకుని పడుకుంటారు, రెండు రెండున్నరకి తీసి పక్కన పడేస్తారు. అడిగితే "నాలుగు గంటలు పెట్టుకున్నానుగా, చాలు" అంటారు. పొద్దున నోరు ఎండిపోయి ఉంటుంది, ముక్కు మీద ఎర్రగా కమిలింది. మాస్కు ముందు చిన్న చిన్న రంధ్రాల్లోంచి గాలి బయటికి వస్తూనే ఉంటుంది, అది లీకా, మూసేయాలా తెలియటం లేదు. వర్షాకాలంలో మాకు కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం, నిద్రలో మెషీన్ ఆగిపోతే మాస్కు లోపల ఊపిరి ఆడక ఏమన్నా అయితే అని అమ్మకి ఒకటే టెన్షన్. పైగా మా బాబాయి, కరోనాప్పుడు కొన్న ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ వాళ్ళింట్లో ఖాళీగా ఉందట, "ఈ మెషీన్ గోల ఎందుకు, అది పెట్టుకుంటే పోలా" అంటున్నాడు. నాన్నకి ఆ మాట బాగా నచ్చింది.

దయచేసి వాడుతున్నవాళ్ళు, తెలిసినవాళ్ళు చెప్పండి.

పెన్నా_ఒడ్డు:

అమ్మా, నేను నెల్లూరే, ఈ మెషీన్‌తో పడుకోవటం నాకు ఏళ్ళ తరబడి అలవాటు. ముందు ఆ నాలుగు గంటల మాట. రాత్రికి కనీసం నాలుగు గంటలన్నది పేషెంటు మెషీన్ వాడుతున్నాడా లేదా అని లెక్క కట్టటానికి పెట్టుకున్న కొలత, అంతేగానీ నాలుగు గంటలు పెట్టుకుంటే జబ్బు మిగతా రాత్రి సెలవు తీసుకోదు. ఇంకో సంగతి, కలలొచ్చే నిద్ర ఎక్కువగా తెల్లవారుజామున వస్తుంది. ఆ నిద్రలో గొంతు కండరాలు బాగా వదులైపోతాయి కాబట్టి చాలామందికి ఊపిరి ఆగటం కూడా అప్పుడే ఎక్కువ, ఆక్సిజన్ బాగా పడిపోయేదీ అప్పుడే. మీ నాన్నగారు మాస్కు తీసేస్తున్నది సరిగ్గా ఆ వేళకి. ఈ ముక్క ఆయనకి నిదానంగా చెప్పండి, కొట్టు నడిపే మనిషికి లెక్క చెబితే ఎక్కుతుంది.

ఎందుకు తీసేస్తున్నారో కనుక్కోండి ముందు. చాలాసార్లు మాస్కు గొడవే ఉంటుంది. ముక్కు మీద కమిలిందంటే పట్టీలు అతిగా బిగించారు. లీకు అవుతోందని బిగిస్తారు, బిగిస్తే సిలికాన్ మడత పడి ఇంకా లీకవుతుంది, అది చూసి ఇంకా బిగిస్తారు. సరిచేసే పద్ధతి ఏమంటే, మంచం మీద పడుకుని, మెషీన్ ఆన్ చేసి గాలి వస్తుండగా, పట్టీలు మొత్తం వదులు చేసి, మాస్కుని ముఖం నుంచి కాస్త ముందుకి లాగి వదిలితే ఆ సిలికాన్ గాలికి ఉబ్బి తనంతట తాను కూర్చుంటుంది, అప్పుడు రెండు వైపులా సమానంగా, పట్టీ కింద వేళ్ళు దూరేంత వదులుగా బిగించాలి. కూర్చుని బిగిస్తే పడుకున్నాక ముఖం జారి మళ్ళీ లీకు. ఇంకొకటి, మన మగాళ్ళు రాత్రి తలకి కొబ్బరినూనె పెట్టుకుని పడుకుంటారు, అది నుదుటి మీదకీ ముక్కు మీదకీ దిగి సిలికాన్ జారిపోతుంది, కొన్నాళ్ళకి మెత్తబడి పాడవుతుంది కూడా. నూనె పొద్దున పెట్టుకోమనండి, పడుకునే ముందు ముఖం సబ్బుతో కడుక్కోమనండి. గుబురు గడ్డం ఉంటే పెద్ద మాస్కు సరిగా అతకదు, ముక్కు వరకే ఉండేది అడిగి చూడండి.

అలవాటు కావటానికి పగలు టీవీ చూసేటప్పుడు అరగంట పెట్టుకుని కూర్చోమనండి. నిద్రపట్టించే టైములోనే మొదలు పెడితే గాలి ముఖాన కొట్టినట్టుండి చిరాకొచ్చి తీసేస్తారు. మెషీన్‌లో ర్యాంప్ అని ఉంటుంది, తక్కువ గాలితో మొదలై మెల్లగా పెరుగుతుంది, అది ఆన్‌లో ఉందో లేదో చూడండి. రెండింటికి తీసేశాక మళ్ళీ మెలకువ వస్తే మళ్ళీ పెట్టుకోమనండి, అమ్మగారు లేచి ఉంటే గుర్తు చేయవచ్చు, పోట్లాట పెట్టుకోకుండా.

నెల్లూరు దోమల సంగతి మీకు చెప్పాలా. మెషీన్ ఉన్న గదిలో దోమల చుట్ట వెలిగించొద్దు, అగరొత్తులు కూడా. మెషీన్ గదిలో గాలినే లాగి ముక్కులోకి పంపుతుంది, ఆ పొగంతా రాత్రంతా మనిషి పీల్చినట్టే. దోమతెర కట్టండి, పైపు తెర కింద నుంచి పోనిస్తే ఏ ఇబ్బందీ లేదు.

ఆర్టీ_ఒంగోలు:

నేను ఒంగోలులో ఆసుపత్రిలో రెస్పిరేటరీ థెరపిస్టుని. పై అన్న చెప్పినవి బాగున్నాయి, నేను భయం పెట్టే విషయాలు రెండు మూడు ముందు చెబుతాను, ఎందుకంటే ఇక్కడ పొరపాటు జరిగితే ప్రమాదం.

ఆ చిన్న రంధ్రాలు మూయొద్దు. ఎట్టి పరిస్థితిలోనూ. అవి లీకు కాదు, మనం వదిలిన గాలి, అంటే కార్బన్ డయాక్సైడ్, బయటికి పోయే దారి అదొక్కటే. సీప్యాప్‌లో పైపు ఒక్కటే ఉంటుంది, గాలి రావటానికి దారి ఉంది గానీ పోవటానికి ఆ రంధ్రాలే. చలిగా గాలి తగులుతోందని, చప్పుడు వస్తోందని వాటి మీద తెల్ల ప్లాస్టరు అతికించుకుని వచ్చిన పేషెంట్లని చూశాను, ఇంట్లోవాళ్ళే ప్రేమగా అతికించారు. పొద్దున తల పగిలిపోయే నొప్పితో లేచేవాళ్ళు. మాస్కు అంచుల చుట్టూ, ముఖానికీ సిలికాన్‌కీ మధ్య నుంచి వచ్చేదే లీకు. కంటి వైపు గాలి కొట్టి కళ్ళు మండుతుంటే అదీ లీకే.

కరెంటు పోతే సంగతి. ముక్కూ నోరూ కప్పే మాస్కులకి మోచేయిలాగా వంగి ఉండే ముక్క దగ్గర ఒక పలచని రేకు వాల్వు ఉంటుంది, గాలి ప్రెషర్ ఆగిపోతే అది తెరుచుకుని గదిలో గాలి లోపలికి వస్తుంది. మెషీన్ ఆపి మాస్కు చేత్తో పట్టుకుని ముఖానికి ఆనించి ఊపిరి పీలిస్తే తెలుస్తుంది, పగలు ఒకసారి మీ నాన్నగారి చేత చేయించండి, అమ్మగారికి చూపించండి, సగం టెన్షన్ అక్కడే పోతుంది. కడిగేటప్పుడు ఆ రేకు చినగకుండా, ఇరుక్కోకుండా చూసుకోవాలి. ఎంతైనా కరెంటు పోయి మెలకువ వస్తే మాస్కు తీసేయడమే మంచిది. ఒక విషయం మాత్రం, మాస్కు తనంతట తాను తీసుకోలేని మనిషికి, అంటే పక్షవాతం వచ్చి చేతులు ఆడనివాళ్ళకి, బాగా మత్తులో ఉన్నవాళ్ళకి, వాంతులు అవుతున్నవాళ్ళకి పెద్ద మాస్కు పెట్టి ఒంటరిగా వదలకూడదు.

ఇక మీ బాబాయిగారి కాన్సన్‌ట్రేటర్. వద్దమ్మా. ఈ జబ్బులో ఆక్సిజన్ కొరత గాలిలో లేదు, గొంతులో దారి మూసుకుపోవటంలో ఉంది. సీప్యాప్ గాలి ఒత్తిడితో ఆ దారి తెరిచి ఉంచుతుంది. ఆక్సిజన్ గొట్టం ముక్కులో పెడితే దారి తెరుచుకోదు, ఊపిరి ఆగటం ఆగదు, వేలికి పెట్టిన మీటర్లో అంకె మాత్రం బాగా కనిపిస్తుంది. కొందరిలో, ముఖ్యంగా బాగా లావుగా ఉన్నవాళ్ళలో, పాత ఆస్తమా లాంటి ఊపిరితిత్తుల జబ్బులు ఉన్నవాళ్ళలో, ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోయి మగతలోకి జారిపోతారు. డాక్టరు పరీక్షలు చేసి సీప్యాప్‌కి తోడుగా ఆక్సిజన్ కలపమంటే అది వేరే సంగతి.

నిద్ర పట్టటం లేదని నిద్రమాత్ర వేయకండి, మద్యం అలవాటుంటే రాత్రిపూట పూర్తిగా మానాలి. రెండూ గొంతు కండరాల్ని ఇంకా వదులు చేస్తాయి. ప్రెషర్ అంకెలు ఇంట్లో మీరు మార్చొద్దు. పొట్ట ఉబ్బి తేన్పులు వస్తుంటే గాలి మింగుతున్నారని అర్థం, అప్పుడు డాక్టరుతో చెబితే వాళ్ళు సరిచేస్తారు. మెషీన్ లోపల చిన్న కార్డు ఉంటుంది, లేదా ఫోన్ యాప్‌లో వస్తుంది, ఎన్ని గంటలు వాడారు, లీకు ఎంత, మెషీన్ పెట్టుకున్నాక ఏహెచ్ఐ ఎంత అని. ఆ ఏహెచ్ఐ 5 కన్నా తక్కువ ఉండాలి. డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు కార్డు మర్చిపోకండి.

మాస్కు పట్టీలకి అయస్కాంతం క్లిప్పులు ఉన్నాయేమో కూడా చూడండి. మీ ఇంట్లో ఎవరికైనా, పక్కన పడుకునే అమ్మగారికైనా సరే, పేస్‌మేకర్ ఉంటే ఆ రకం మాస్కు వాడకూడదు, అయస్కాంతం లేనిది మార్చి ఇవ్వమనండి.

చీమకుర్తి_రాయి:

మాది చీమకుర్తి, గ్రానైట్ దుమ్ము మధ్య బతుకు. కాబట్టి ఫిల్టరు గురించి నేను చెప్పాలి. మెషీన్ వెనక చిన్న తెల్ల ఫిల్టరు ఉంటుంది, బయట ఊళ్ళలో నెలకొకసారి మారిస్తే సరిపోతుందేమో గానీ మాకు వారానికే బూడిద రంగుకి వస్తుంది. వారం వారం తీసి వెలుతురుకి పెట్టి చూడండి, రంగు మారితే మార్చేయండి. ఆ తెల్ల కాగితం రకం కడిగి మళ్ళీ వాడేది కాదు. మెషీన్ నేల మీద పెట్టొద్దు, గోడకీ కర్టెనుకీ ఆనించొద్దు, చిన్న స్టూలు మీద, మంచం ఎత్తుకన్నా కాస్త కిందగా ఉంచండి. అట్లా ఉంటే పైపులో చేరిన నీళ్ళు వెనక్కి పోతాయి, ముఖాన పడవు. పగలు పైపు కొక్కేనికి వేలాడదీసి, రెండు కొసలకీ పలచని గుడ్డ కట్టండి, చీమలూ బల్లిపిల్లలూ దూరకుండా.

నోరు ఎండిపోవటానికి హ్యూమిడిఫయర్, అంటే గాలికి తేమ కలిపే నీళ్ళ తొట్టె, ఉందా మీ మెషీన్‌కి? ఉంటే అందులో డిస్టిల్డ్ వాటర్ పోయాలి, మందుల షాపులో అడగండి. మా జిల్లాలో బోరు నీళ్ళ సంగతి తెలిసిందే, ఉప్పూ ఫ్లోరైడూ ఎక్కువ, గిన్నెలో మరిగిస్తేనే తెల్లగా గార కడుతుంది, ఆ తొట్టెలో పోస్తే వేడి పలక మీద అదే గార పేరుకుంటుంది. పొద్దున లేవగానే మిగిలిన నీళ్ళు పారబోయండి, నిన్నటి నీళ్ళలో కొత్తవి కలపొద్దు. తొట్టె, మాస్కు సిలికాన్ గోరువెచ్చని నీళ్ళలో మామూలు సబ్బుతో కడిగి నీడలో ఆరబెట్టాలి, పైపు వారానికోసారి. డెటాలు, బ్లీచింగు, సాంబ్రాణి ధూపం, నీళ్ళలో నీలగిరి తైలం చుక్కలు, ఇవేవీ వద్దు, ఆవిరి నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నీళ్ళు ఉండగా మెషీన్ ఎత్తి పక్కకి జరపకండి, ఒరిగితే మోటారులోకి పోతాయి. నెల్లూరు తీరంలో వానాకాలం గాలిలోనే తేమ ఎక్కువ కాబట్టి అప్పుడు తేమ అంకె తగ్గించుకోవచ్చు, ఏసీ గదిలో పడుకుంటే పెంచాలి.

కరెంటుకి ఇన్వర్టరే దారి. కొనేటప్పుడు ప్యూర్ సైన్ వేవ్ అని ఉన్నదే, అంటే లైన్ కరెంటులాగే సాఫీగా ఇచ్చేదే తీసుకోండి. మెషీన్‌కి మోటారు తినే కరెంటు తక్కువే, హ్యూమిడిఫయర్ హీటరూ వేడి పైపూ ఎక్కువ తింటాయి, కరెంటు పోయినప్పుడు ఆ రెండూ ఆపేస్తే ఇంట్లో మామూలు 150 ఏహెచ్ బ్యాటరీ మీద ఒక ఫ్యానుతో పాటు రాత్రంతా నడుస్తుంది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మన రెండు జిల్లాల్లో కరెంటు లేక ఎంత అవస్థో అందరికీ గుర్తే. తుఫాను హెచ్చరిక రాగానే బ్యాటరీ నీళ్ళు చూసి ఫుల్ ఛార్జ్ పెట్టుకోండి, ఇంట్లో మిగతా లైట్లు ఇన్వర్టరు మీద నుంచి తీసేయండి. బ్యాటరీ కూడా అయిపోతే ఆ రాత్రికి తలవైపు ఎత్తు పెట్టుకుని పక్కకి తిరిగి పడుకోవటం, వెల్లకిలా మాత్రం వద్దు. వీపు వెనక పొడుగు దిండు పెడితే తిరగలేరు.

సూళ్ళూరుపేట_అన్న:

ఒక సందేహం, గొడవ పెట్టుకోవటానికి కాదు. బరువు తగ్గి, ప్రాణాయామం చేస్తే ఈ మెషీన్ అవసరమే ఉండదు కదా? జీవితాంతం ముఖానికి ఒక గొట్టం తగిలించుకోవటం ఏమిటి? నాకు తెలిసినాయన ఒకరు మెషీన్ అమ్మేస్తానంటున్నారు, సగం ధరకే, అది కొనుక్కోవచ్చా అని కూడా ఆలోచిస్తున్నాను, నాకూ గురక ఉంది.

ఆర్టీ_ఒంగోలు:

బరువు తగ్గటం మంచిదే అన్నా, పది కిలోలు తగ్గితే ఏహెచ్ఐ కూడా బాగా తగ్గేవాళ్ళు ఉన్నారు. కానీ తగ్గేదాకా నెలలు పడుతుంది, ఆ నెలల్లో గుండె, బీపీ, మెదడు దెబ్బ తింటూనే ఉంటాయి. అందుకే మెషీన్ వాడుతూ బరువు తగ్గాలి, తగ్గాక మళ్ళీ నిద్ర పరీక్ష చేయించి, అప్పుడు డాక్టరు తీసేయమంటే తీసేయాలి. సన్నగా ఉన్నా దవడ చిన్నదై, టాన్సిల్స్ పెద్దవై ఈ జబ్బు వచ్చేవాళ్ళూ మనలో చాలామంది ఉన్నారు. థైరాయిడ్ తక్కువున్నా వస్తుంది, ఆ పరీక్ష కూడా చేయించండి. ఇది కొత్త వ్యాపారం కూడా కాదు, 1981లోనే ఆస్ట్రేలియాలో కోలిన్ సల్లివన్ అనే డాక్టరు దీన్ని పేషెంట్ల మీద పని చేయించి చూపించారు.

పాత మెషీన్ సంగతి. ముందు పరీక్ష, తర్వాతే మెషీన్. మీకు ఎంత ప్రెషర్ కావాలో, అసలు సీప్యాప్ కావాలో, పీల్చేటప్పుడు ఎక్కువ, వదిలేటప్పుడు తక్కువ ఒత్తిడి ఇచ్చే బైప్యాప్ కావాలో పరీక్షే చెబుతుంది. పాతవాటిలో ఇంకో చిక్కు ఉంది. ఫిలిప్స్ కంపెనీ 2021 జూన్‌లో డ్రీమ్‌స్టేషన్ మొదటి తరం మెషీన్లతో సహా చాలా రకాలు వెనక్కి పిలిచింది, లోపల చప్పుడు తగ్గించటానికి పెట్టిన ఫోమ్ పొడిగా రాలి గాలితో పాటు ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉందని. ఓజోన్‌తో శుభ్రం చేస్తే ఆ ఫోమ్ ఇంకా త్వరగా పాడవుతుంది. కాబట్టి ఎవరైనా సగం ధరకి ఇస్తామంటే మెషీన్ అడుగున సీరియల్ నంబరు చూసి, కంపెనీ వాళ్ళతో మాట్లాడకుండా డబ్బులు ఇవ్వకండి. మాస్కూ పైపూ మాత్రం ఎవరివీ వాడొద్దు, కొత్తవే కొనాలి.

కావలి_కూతురు:

అందరికీ చాలా థాంక్స్. మాస్కు సైజే పెద్దది ఇచ్చారట, చెబితే మీడియం మార్చి ఇచ్చారు. పడుకుని బిగించే పద్ధతి చేశాక ముక్కు మీద కమలటం తగ్గింది. హ్యూమిడిఫయర్ ఉంది గానీ షాపువాళ్ళు చెప్పకపోవటం వల్ల ఖాళీగానే నడుస్తోంది ఇన్నాళ్ళూ. ఆ వాల్వు పరీక్ష అమ్మ చేత కూడా చేయించాను, తనే మాస్కు పెట్టుకుని చూసింది, ఇప్పుడు కరెంటు పోతే లేచి కూర్చోవటం మానేసింది. నాన్న తెల్లవారుజామున నాలుగు, నాలుగున్నర దాకా ఉంచుకుంటున్నారు. బాబాయికి ఆక్సిజన్ గురించి ఇక్కడ రాసింది చదివి వినిపించాను.

ఇంకో రెండు ప్రశ్నలు. నాన్నకి వచ్చే నెల హెర్నియా ఆపరేషన్ ఉంది. అప్పుడు ఏం చేయాలి? ఇంకొకటి, ఆయన సొంతంగా కారు నడుపుకుంటూ సరుకు కోసం ఒంగోలు వెళ్తారు, హైవే మీద. ఆపమంటే వినటం లేదు.

ఆర్టీ_ఒంగోలు:

ఆపరేషన్‌కి ముందు మత్తు డాక్టరుకి స్లీప్ అప్నియా ఉందని, ఏహెచ్ఐ 42 అని, సీప్యాప్ వాడుతున్నారని మీరే నోరు తెరిచి చెప్పాలి, నిద్ర పరీక్ష రిపోర్టు చేతిలో పెట్టాలి. సర్జన్‌కి చెప్పాం కదా అని ఊరుకోవద్దు. మత్తుమందు, తర్వాత ఇచ్చే గట్టి నొప్పి ఇంజెక్షన్లు ఊపిరిని ఇంకా మందగింపజేస్తాయి, ఆపరేషన్ తర్వాత రాత్రులే ఎక్కువ జాగ్రత్తగా ఉండాల్సినవి. ఆయన మెషీన్, ఆయన మాస్కు ఆసుపత్రికి తీసుకెళ్ళండి, నీళ్ళు పారబోసి. వార్డులో పగలు కునుకు తీసినా సరే పెట్టాలి. వేలికి పెట్టే ఆక్సిజన్ మీటరు రాత్రంతా ఉంచమని అడగండి. అప్పటిలోగా రాత్రి మొత్తం మాస్కు ఉంచుకోవటం అలవాటైతే ఆయనకే తేలిక.

కారు విషయంలో నేను గట్టిగానే చెబుతాను. కొట్లో కూర్చుని నిద్రపోయే మనిషి ఆ హైవే మీద, తిన్నగా సాగిపోయే రోడ్డు, పక్కన లారీలు, స్టీరింగ్ పట్టుకోకూడదు. సింగరాయకొండ, టంగుటూరు దాటేసరికి ఎంతమందికి కళ్ళు మూతపడతాయో ఆ రోడ్డు మీద తిరిగే డ్రైవర్లని అడగండి. మెషీన్ రోజూ రాత్రంతా వాడి, పగటి మత్తు పూర్తిగా పోయి, డాక్టరు కార్డు చూసి సరే అనేదాకా బస్సో, రైలో, లేదంటే డ్రైవరుని పెట్టుకోవటమో. కిటికీ దించుకుంటా, టీ తాగుతా అంటే నమ్మకండి.

పెన్నా_ఒడ్డు:

మీ నాన్నగారికి ఇష్టమైతే నాతో ఒకసారి మాట్లాడమనండి, ఇక్కడే మెసేజ్ పెట్టండి. వాడేవాడు చెబితే వింటారు ఒక్కోసారి. బీపీ మాత్రలు మాత్రం తనంతట తాను తగ్గించుకోవద్దనండి. మెషీన్ బాగా వాడితే కొందరికి బీపీ దిగుతుంది, అప్పుడు ఇంట్లో రాసుకున్న అంకెలు చూపిస్తే డాక్టరే తగ్గిస్తారు.